నేను అతికించిన పేజీ

సీసం బరువు నాకు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళు తెనాలిలో ఒక అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి బతికినవాణ్ణి. ఎనిమిది పేజీల అచ్చును ఇనపచట్రంలో బిగించి, బల్ల మీంచి మిషను దాకా ఇద్దరం మోసుకెళ్ళేవాళ్ళం. నడుం పట్టేసేది. నోరు మెదిపేవాణ్ణి కాదు. అలాంటివాణ్ణి, ఆరేళ్ళుగా ఒక్క కాగితాన్ని మోయలేక ఆపసోపాలు పడుతున్నాను. ఒకే ఒక్క కాగితం. దానికి రెండువైపులా అచ్చు కూడా లేదు.

ఆ కాగితం మీది ప్రతి అక్షరాన్నీ పేర్చింది నేనే. అచ్చు తీసింది నేనే. ఒక పాత పుస్తకంలో, ఎవరికీ అనుమానం రాకుండా, మైదా జిగురుతో అతికించింది నేనే. దాని మీద ఉన్నది అబద్ధం.

ముందే చెప్పేశాను. సాగదీస్తే మళ్ళీ కథ అల్లడం మొదలుపెడతానని నా భయం. ఆ గుణం నాలో ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. మొహం కనబడితే, ఆ మొహానికి ఏం వింటే సంతోషమో అదే చెప్పడం నాకు అలవాటు. నా తప్పంతా అక్కడే పుట్టింది.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకోవాలి. ఇది ఏడుపుగొట్టు కథ కాదు. అదే నా బాధ. తప్పు చేసినవాడికి ఆ రోజులు తలుచుకుంటే గుండె మండాలి కదా? నాకు నవ్వొస్తుంది. ఇదేం న్యాయం?

నేను ఆక్లండ్ శివారు పాపటోయిటోయిలో మా అమ్మాయి దగ్గర ఉంటాను. వచ్చి తొమ్మిదేళ్ళయింది. బుధవారం పొద్దున పదింటికి లైబ్రరీ వెనక గదిలో తెలుగు పెద్దవాళ్ళం కలుస్తాం. ఏడెనిమిది మందిమి. ప్లాస్టిక్ కుర్చీలు, వేడినీళ్ళ డబ్బా, ఎవరో ఒకరు తెచ్చిన జంతికలు. అందులో రామనాథంగారని కర్నూలాయన ఉన్నారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. ఎడం చెవిలో మిషను, కుడి చెవిలో గర్వం. ఒక రోజు నేను ఇక్కడి పేపర్లో ఒక హెడ్డింగు చూసి దాని అర్థం ఏదో చెప్పాను. తప్పు చెప్పానట. ఆయన టీ కప్పు కింద పెట్టి అన్నారు:

"అన్నా, నువ్వు అక్షరాలు పేర్చినోడివి. పేర్చేటోనికి అర్థంతో ఏం పనప్పా? ఇటుకలు మోసినోడు ఇంజనీరయితాడా?"

నవ్వారు. అందరూ నవ్వారు. జంతికలు నములుతూ నవ్వారు.

నాకు బడి చదువు ఐదో తరగతితో ఆగింది. నిజమే. కాని నేను పేర్చని శాస్త్రం ఏది? పశువైద్యం పేర్చాను, పంచాంగం పేర్చాను, హైస్కూలు ప్రశ్నపత్రాలు పేర్చాను, ఒకాయన రాసిన వేదాంతం మూడు సంపుటాలూ పేర్చి, రెండో సంపుటంలో ఆయన తనతో తానే విభేదించాడని చెప్పి తిట్లు తిన్నాను. ఇంగ్లీషు కూడా పేర్చాను. అచ్చు అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. దాన్ని కళ్ళు మూసుకుని వేలికొసతో తడిమి ఏ అక్షరమో చెప్పగలను. ఇంగ్లీషు పేజీ ఇస్తే ఎక్కడా ఆగకుండా గడగడా చదవగలను. అర్థం? ఇప్పుడు దాచేదేముంది. అప్పట్లో నాకు సగం మాటలు తెలిసేవి కావు. ఈ రహస్యం ప్రపంచంలో అక్షరాలు పేర్చినవాళ్ళకే తెలుసు: మేం భాష తెలియకుండానే ఆ భాషను తప్పుల్లేకుండా చదవగలం.

ఆ అవమానం కడుపులో ఉండగానే లైబ్రరీ గుమ్మంలో ఆ పుస్తకం కనబడింది. తీసేసిన పుస్తకాలని ఒక బండి మీద పెడతారు, కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చు. పుస్తకాన్ని తీసేయడమేమిటండీ? మనిషిని తీసేస్తామా? కోపంతో చేతికందిన లావుపాటి దాన్ని లాక్కున్నాను. వందేళ్ళు దాటిన పుస్తకం. తోలు అట్ట. ఒక అమెరికా పత్రికా సంపాదకుడు తానే రాసుకున్న జీవితం. తర్వాత దౌత్యాధికారిగా దేశాలు తిరిగినవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. నా పనిలోకి ఆ పేరును ఒకసారి లాగింది చాలు. ఎడిటరుగారనే అంటాను, బుధవారాలు మేం అలాగే అనుకునేవాళ్ళం.

ఇంటికొచ్చి మొదటి పేజీలు తిప్పాను. ఎడిటరుగారు పదమూడో ఏట ఒక అచ్చాఫీసులో చేరాడు! కేసు అంటే అక్షరాల గళ్ళ పెట్టె, స్టిక్కు అంటే వాటిని పేర్చే చిన్న ఇనప అర. ఆ మాటలన్నీ అక్కడున్నాయి. అవన్నీ నాకు తెలిసిన మాటలే. నిఘంటువు అక్కర్లేని ఇంగ్లీషు జీవితంలో మొదటిసారి దొరికింది. ఆయన చేతివేళ్ళ చివర్లు నల్లబడేవట. సబ్బుతో పోయేది కాదట. నాకు తెలియదా! మా పెళ్ళి ఫొటోలో నా వేళ్ళు చూడండి.

మరుసటి బుధవారం ఆ పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళాను.

పద్ధతి ఇదీ. ముందు ఒక పేరా ఇంగ్లీషులో గొంతెత్తి చదివేవాణ్ణి. తర్వాత పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసి, తెలుగులో చెప్పేవాణ్ణి. మొదటి మూడు వారాలు దాదాపు నిజమే చెప్పాను. అచ్చాఫీసు రోజులు కదా, తెలుసు. నాలుగో వారం ఎడిటరుగారు రాజకీయాల్లో దిగాడు. నాకు చీకటి పడింది. సెనేటనీ, టారిఫ్ అనీ, ఒక్కో వాక్యం అరపేజీ. చదివాను. వేలు పెట్టి మూశాను. ఎదురుగా ఏడు మొహాలు. ఏం చెప్పను? తెలియలేదని చెప్పనా, రామనాథంగారి ముందు?

గిట్టనివాళ్ళు ఎడిటరుగారి ముద్రణయంత్రాన్ని నదిలో పారేశారని చెప్పాను. ఆయన నదిలో దూకి, ఇసుకలోంచి ఒక్కో అక్షరం ఏరుకొచ్చి, మర్నాడు పొద్దుటికల్లా పత్రిక తెచ్చాడని చెప్పాను. ఆ రోజు పత్రికను దులిపితే ఇసుక జలజలా రాలిందట. చప్పట్లు! ఆరో వారం ఒక సెనేటరు ఆయన్ని ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఆయుధం కోరుకోమంటే, "ఇద్దరం చెరొక ప్రూఫు దిద్దుదాం, తప్పులు ఎక్కువ వదిలినవాడు ఊరు విడిచి పోవాలి" అన్నాడు. సెనేటరు ఊరు విడిచాడు. గది గదంతా ఊగిపోయింది.

రామనాథంగారికి ఇంగ్లీషు బాగా వచ్చు కదా, ఎలా దొరకలేదంటారా? ఆయన చెవి మిషనుకీ, నా తెనాలి ఇంగ్లీషు వేగానికీ పొత్తు కుదిరేది కాదు. ఒక్క ముక్క వినబడేది కాదు. వినబడలేదని ఒప్పుకోవడానికి మనసొప్పేది కాదు, బ్యాంకు మేనేజరు కదా. "కరెక్టే, కరెక్టే" అంటూ తలాడించేవారు. నా డాంబికానికి ఆయన డాంబికం ఆసరా. అలా మేమిద్దరం పద్నాలుగు వారాలు ఒకరినొకరు నిలబెట్టుకున్నాం.

అంతవరకు దాన్ని కోతలు కోయడమంటారు. పాపమనరు. పాపం లచ్చమ్మక్కతో మొదలయింది.

బుధవారాలు మాతో కూర్చునే లచ్చమ్మక్క ఫిజీలో పుట్టింది. అక్కడి గొడవల తర్వాత పిల్లలతో ఇక్కడికొచ్చింది. ఆమె నాయనమ్మ చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళిన మనిషి. గిర్మిట్ అంటారు వాళ్ళు ఆ ఒప్పందాన్ని. వేలిముద్ర వేస్తే ఐదేళ్ళు. లచ్చమ్మక్క ఎన్నడూ మన దేశం చూడలేదు. చదువు రాదు. కాని ఆమె తెలుగు విన్నారా! ఓడతోపాటు వెళ్ళి, అక్కడే దాచుకుని, ఒక్క గీత పడకుండా తెచ్చిన తెలుగు. మధ్యమధ్య వాళ్ళ ఫిజీ హిందీ. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నన్ను తమ్ముడా అంటుంది. ఉడకబెట్టిన కసావా దుంపలు, చింతపండు చట్నీ తెచ్చి, నేను తినేదాకా కథ మొదలుపెట్టనివ్వదు.

ఎడిటరుగారిని అధ్యక్షుడు దౌత్యానికి పంపాడు. మన ఈ సముద్రంలోనే ఒక దీవుల రాజ్యానికి. ఇది పుస్తకంలో ఉంది, నిజం. ఓడ ప్రయాణం చదివి, వేలు పెట్టి మూశాను. లచ్చమ్మక్క ముందుకు వంగింది.

"తమ్ముడా, ఆ బాబు ఓడెక్కి మన సముద్రం మీదికొచ్చినాడు గదా?"

"వచ్చాడక్కా."

"మరి దారిలో మా గిర్మిట్ ఓడ అగుపడనేదా?"

ఆ ప్రశ్నకు సమాధానం 'లేదు' అన్న ఒక్క మాట. ఎంత చిన్న మాట! ఆమె మొహం చూశాను. డెబ్భయ్యేళ్ళుగా ఎవరినో అడగాలని దాచుకున్న ప్రశ్న. అడగడానికి అచ్చులో ఉన్న మనిషి ఒకడు దొరికాడు.

"అగుపడింది" అన్నాను.

"ఏటీ!"

"రెండు ఓడలూ ఒకే రేవులో మంచినీళ్ళకి ఆగాయి. ఎడిటరుగారు పక్క ఓడ చూస్తూ నిలబడ్డాడు."

"ఆడమనుసులున్నారా అందల?"

"ఉన్నారు. ఒకావిడ అంచున కొయ్య పట్టుకుని పాడుతోంది."

"పాడతందా? ఏ మాటల్లో? తెలుగేనా?"

"తెలుగని ఆయనకేం తెలుస్తుందక్కా? ప్రతి మాటా నోరు తెరిచే ముగుస్తోందని రాశాడు."

"తెలుగే!" అంది. గొంతు తగ్గించింది. "గెడ్డం మీద సుక్కలున్నాయని రాసినాడా?"

ఇక్కడ ఆగుతాను. ఇక్కడ నేను ఏం చేశానో మీకు సరిగ్గా చెప్పాలి. నేను పుస్తకంలోకి చూడలేదు. ఆమె గడ్డం వంక చూశాను. అక్కడ పచ్చబొట్టు, నిలువుగా మూడు చుక్కలు. చిన్నప్పుడు వాళ్ళ ఆజీ, అంటే నాయనమ్మ, తనకున్నట్టే పొడిపించిందని అంతకుముందే ఒకసారి చెప్పింది. అది చూసి, పుస్తకం తెరిచి, చదువుతున్నట్టు వేలు కదిపి అన్నాను:

"మూడు. నిలువుగా మూడు చుక్కలు."

"నా ఆజీ! ఓలమ్మో, నా ఆజీయే!"

ఆమె లేచి నిలబడింది. నవ్వుతోంది, కళ్ళు కారుతున్నాయి, నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. అందరూ చప్పట్లు కొట్టారు. రామనాథంగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, గంభీరంగా, "కరెక్టే. నేనూ విన్నా. త్రీ డాట్స్ అనే చదివినాడు" అన్నారు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒంటరిగా ఉన్నా నవ్వాపుకోలేను. అబద్ధానికి అంత గట్టి సాక్షి ఎవరికి దొరుకుతాడు?

నవ్వు మధ్యలోనే ఆమె అంది. "ఆ కాయితం నాకు కావాల తమ్ముడా. మా రీనా చేత సదివించుకుంటాను." రీనా ఆమె మనవరాలు. అప్పుడు హైస్కూల్లో ఉంది. తెలుగు రాదు, ఇంగ్లీషులో దిట్ట.

వచ్చే బుధవారం ఇస్తానన్నాను. మధ్యలో ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో ఒప్పుకోవచ్చు. పుస్తకం బస్సులో పోయిందని చెప్పవచ్చు. ఇంకొకడైతే ఆ రెంటిలో ఒకటి చేసేవాడు. నేను అక్షరాలు పేర్చేవాణ్ణి. పేజీలో ఖాళీ ఉంటే మా చెయ్యి ఊరుకోదు. విషయం తక్కువపడితే నింపడమే మాకు నేర్పిన విద్య. నాకు తట్టిందల్లా ఒకటే: పేజీ లేకపోతే ఏం, చేద్దాం.

నగరంలో పాత యంత్రాల ప్రదర్శనశాల ఒకటుంది. ఆదివారాలు రిటైరైన ఈ దేశపు ముసలివాళ్ళు, కివీలంటాం, అక్కడ చేతి ముద్రణయంత్రాలు ఆడించి పిల్లలకు చూపిస్తారు. ముందే ఒకసారి చూసొచ్చాను. కాని అచ్చువేయడానికి మాటలు కావాలి. నా ఇంగ్లీషుతో నాలుగు వాక్యాలు రాస్తే నాలుగో తరగతి పిల్లాడు కూడా పట్టేస్తాడు. మూడు మధ్యాహ్నాలు భోజనాల బల్ల మీద నిఘంటువు పెట్టుకుని, ఆ పుస్తకంలోంచే వాక్యాలు ఏరాను. ఓడ రేవులో ఆగడం ఒక అధ్యాయంలోంచి. ఒక స్త్రీ పాడటం ఆయన చిన్ననాటి చర్చి వర్ణనలోంచి. 'ఆ ముఖం నేను బతికున్నంతకాలం నాతో ఉంటుంది' అన్న వాక్యం ఆయన తల్లి చనిపోయిన పేజీలోంచి. మధ్యలో అతుకులు మాత్రం నావి. పచ్చబొట్టును ఇంగ్లీషులో ఏమంటారని మా అమ్మాయిని అడగబోయి మానేశాను. బస్సులో ఎదురు సీటులో కూర్చున్న మావోరీ పెద్దావిడ గడ్డం మీది పచ్చబొట్టు చూస్తే, టాటూ అన్న మాట దానికదే గుర్తొచ్చింది.

అంటే చూడండి, ఆ పేజీలో కన్నీరు నిజమైనదే. వేరే చోటిది, అంతే. ఇలా అనుకుని అప్పుడు నన్ను నేను సమాధానపరుచుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఇదే అన్నిటికంటే పెద్ద దొంగతనంలా కనబడుతోంది. ఒకడి తల్లి చావును తీసుకెళ్ళి ఇంకొకరి నాయనమ్మకు తొడిగాను.

ఆ ఆదివారం గురించి మీతో ఎలా చెప్పను? పశ్చాత్తాపంతో చెప్పాలి. నా వల్ల కాదు.

అక్కడ బాబ్ అని నా ఈడువాడు, పేపరాఫీసులో పనిచేసి రిటైరైనవాడు ఉన్నాడు. పుస్తకం వెనక ఖాళీగా ఉన్న పాత కాగితం ఒకటి కోసి తెచ్చుకున్నాను. అది చూపించి, అక్షరాల పెట్టె చూపించి, నా గుండె మీద చెయ్యి వేసుకున్నాను. అతనికి అర్థమైంది. స్టిక్కు చేతిలో పెట్టాడు. పదిహేనేళ్ళ తర్వాత ఎడంచేతిలో ఆ చల్లని ఇనుము. కుడిచెయ్యి నన్నడగలేదు. దానికదే పెట్టెలోకి వెళ్ళింది. ఏ గడి ఎక్కడుందో దానికి గుర్తే. టిక్, టిక్, టిక్. నా ఆలోచన కంటే ముందు వేళ్ళు పోతున్నాయి. బాబ్ కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. మిగతా ఇద్దరు ముసలాళ్ళనూ కేకేశాడు. ముగ్గురూ నా వెనక నిలబడ్డారు. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు ఆగిపోయారు. పేర్చడం పూర్తయి, తాడు చుట్టి ముడి బిగించేసరికి బాబ్ నా వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. "గుడ్ ఆన్ యా, మేట్!" ఆ ముడి ఇద్దరం ఒకేలా వేస్తామని తెలిసి ఇద్దరం పెద్దగా నవ్వాం. తెనాలిలో వేసిన ముడీ, ఆక్లండ్‌లో వేసిన ముడీ ఒకటే!

సిరా పూసి, కాగితం పరిచి, యంత్రం పిడి అతను నాచేతే లాగించాడు. పాత కాగితం మీద కొత్త అక్షరం తడిగా, నల్లగా, నిగనిగలాడుతూ లేచింది. డెబ్భై దాటినవాణ్ణి, చిన్నపిల్లాడిలా గెంతాను. అతను ఆ పేజీలో ఏముందో చదవలేదు. మేం మొదట అంచులు సరిగ్గా ఉన్నాయా అని చూస్తాం, అర్థం తర్వాత. నా మోసంలో పాలుపంచుకున్నానని పాపం అతనికి తెలియనే తెలియదు.

ఇంటికొచ్చి అధ్యాయం చివర, మడతలోకి అతికించాను. ఎంత కుదిరిందంటే, మర్నాడు పుస్తకం తిప్పుతూ నేనే ఒకసారి దాటిపోయాను.

ఆ పేజీ జిరాక్సు తీసి లచ్చమ్మక్కకి ఇచ్చాను. తర్వాత నెలలో ఆమె డెబ్భై అయిదో పుట్టినరోజు. ఫిజీవాళ్ళ పద్ధతిలో పెరట్లో షెడ్డు వేశారు, మేకమాంసం కూర, డోలక్, ఒక మూల పెద్ద గిన్నెలో నంగోనా అనే మత్తు వేరుపొడి కలుపుకుని తాగే మగవాళ్ళు. నూరు మందికి తక్కువ లేరు. రీనా కుర్చీ ఎక్కి ఆ పేజీ ఇంగ్లీషులో చదివింది. 'ఆ ముఖం నేను బతికున్నంతకాలం' అన్నచోట ఆ పిల్ల ఆగి, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఒక ముసలాయన లేచి, మావాళ్ళ గురించి ఒక పుస్తకంలో రాశారని మొదటిసారి వింటున్నాను, మమ్మల్ని ఎవరూ చూడలేదనుకున్నాను, అన్నాడు. అప్పుడు లచ్చమ్మక్క వాళ్ళ ఆజీ పాట ఎత్తుకుంది. డోలక్ అందుకుంది. ఆమె ఆడింది. డెబ్భై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి, కొంగు బిగించి ఆడింది. నాకు దండ వేశారు. వేయించుకున్నాను. ఆ క్షణంలో ఎవరైనా అడిగి ఉంటే, అంతా నిజమేనని ప్రమాణం చేసి ఉండేవాణ్ణి. నాకూ నిజమే అనిపించింది.

ఆ జిరాక్సు కాగితం ఇప్పుడు వాళ్ళ దేవుడి అరలో పటం కట్టి ఉంది. శుక్రవారం శుక్రవారం పసుపు, కుంకుమ పెడుతుంది. నేను వెళ్ళినప్పుడల్లా దణ్ణం పెట్టమంటుంది. పెడతాను. నా అచ్చుకు నేనే.

ఆ తర్వాత భయం పట్టుకుంది. ఆ పుస్తకంలో అసలు ఏముందో తెలుసుకోవాలని. మూడేళ్ళు పట్టింది. నిఘంటువు అట్ట ఊడిపోయింది. రోజుకు ఒక పేజీ, ఒక్కోరోజు అరపేజీ. భయమే నాకు ఇంగ్లీషు నేర్పిందంటే నమ్మండి. బళ్ళో పంతులు బెత్తంతో చేయలేని పని. చివరికి ఎడిటరుగారి నిజమైన జీవితం చదివాను. గొప్పవాడే. ధైర్యవంతుడే. కాని నేను అతికించిన పేజీకి ముప్ఫై పేజీల అవతల ఒక ఉత్తరం ఉంది. దీవుల్లో పంచదార తోటలకు ఆసియా నుంచి కూలీల్ని తెప్పించడం మంచిదని, వాళ్ళు సాధువులనీ, తక్కువతో తృప్తిపడతారనీ, ఎదురుచెప్పరనీ ఆయన తన ప్రభుత్వానికి రాసిన ఉత్తరం.

"ఒరేయ్!" అని అరిచాను. మా అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, నేను పడ్డాననుకుని. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వా, కేసు దగ్గర వేళ్ళు నల్లబడినవాడివి, నువ్వా రాసింది? ఎవరు ఎదురుచెప్పరు? లచ్చమ్మక్క తాత తోటలో పెత్తనం చేసే సర్దారును చెరుకు గెడతో కొట్టి జైలుకెళ్ళాడు! నీకు నేను ఎంత మంచి పేజీ ఇచ్చాను! పుణ్యానికి ఒక పేజీ!

అలా రంకెలు వేసి కూర్చున్నాక, మెల్లగా తెలిసొచ్చింది. ఆయన రాయాల్సింది ఆయన రాశాడు. రాయనిది రాసింది నేను. ఆ ఉత్తరం మీద మంచి గుడ్డ కప్పింది నేను.

అయినా చెప్పలేదు. మూడేళ్ళు చెప్పలేదు. ఎందుకు? లచ్చమ్మక్క గుండె పగులుతుందనా? అదీ ఉంది. దండ వేయించుకున్న మెడ సిగ్గుపడిందా? అదే ఎక్కువ. మన ఆజీ పాటకి ఒక అమెరికా దొర సాక్ష్యమెందుకు, అబద్ధమైతే మాత్రం నష్టమేముంది, అని వాదించుకున్నాను కూడా. బాగానే ఉంది వాదన. కాని సాక్ష్యం అక్కర్లేకపోతే నేనెందుకు తయారుచేశాను?

పోయిన బుధవారం రీనా వచ్చింది. ఇప్పుడు ఊరికి ఉత్తరాన ఆల్బనీలో యూనివర్సిటీ చదువు. చేతిలో ఫైలు, మొహంలో వెలుగు. పరిశోధన వ్యాసం వాళ్ళ ఆజీ వంశం మీద రాస్తోందట. "అంకుల్, డేట్స్ కలవట్లేదు" అని ఇంగ్లీషులో గలగలా మొదలుపెట్టింది. మద్రాసు రేవు నుంచి మనవాళ్ళను ఫిజీకి తీసుకెళ్ళిన మొదటి ఓడ, ఆ ఎడిటరు పోయిన తర్వాత ఎన్నో ఏళ్ళకు గాని బయల్దేరలేదని ప్రభుత్వ రికార్డులు అంటున్నాయట. దొరికిపోయాననుకున్నాను. ఆ పిల్ల ఏమందో తెలుసా?

"సో, రికార్డ్సే తప్పు అంకుల్! మన దగ్గర ప్రింటెడ్ పేజీ ఉంది కదా. మా ప్రొఫెసర్‌కి కూడా చెప్పేశాను. మీ బుక్ ఒక్కసారి కావాలి."

అచ్చులో ఉంది కాబట్టి నిజం. నేను జీవితమంతా నమ్మిన మాటే, నా మనవరాలి వయసు పిల్ల నోట నాకే ఎదురొచ్చింది. ఆ పిల్ల ఆ కాగితం మీద ఇల్లు కడుతోంది. రేపు నలుగురు చదువుకున్నవాళ్ళు ఆ పేజీని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చాలు, అందరి ముందూ నవ్వులపాలయ్యేది నేను కాదు, రీనా. ఇటుకలు మోసినవాడి మాట నమ్మి ఇంజనీరు కూలిపోతుంది.

పుస్తకం పోయిందన్న మాట నాలుక దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. మింగాను. "వచ్చే బుధవారం తెస్తానమ్మా, ఆజీని కూడా తీసుకురా" అన్నాను.

అందుకే ఇది రాశాను. వారం రోజులుగా రాస్తున్నాను. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి. రేపే బుధవారం.

పుస్తకం సంచిలో పెట్టాను. పేజీ ఊడదీయలేదు, ఊడదీస్తే అది ఇంకో మోసం అవుతుంది. ఆ ఉత్తరం ఉన్న చోట గుర్తుగా ఒక దారం పెట్టాను. రీనా అది కూడా చూడాలి. పటంలోని కాగితాన్ని లచ్చమ్మక్క ఏం చేస్తుందో తెలియదు. నన్ను తిడుతుందో, కసావా దుంపలు తేవడం మానేస్తుందో, అసలు మాట్లాడదో తెలియదు. రామనాథంగారు మాత్రం "నాకు మొదటి నుంచీ తెలుసప్పా" అంటారు. అది మాత్రం ఖాయం. క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమించేస్తుందేమోనని భయం. అంత సులువుగా రావలసింది కాదది.

ఆమె ఆజీ ఓడెక్కింది నిజం. మూడు చుక్కలు నిజం. పాడిందేమో. పాడే ఉంటుంది. అదిగో, చూశారా, మళ్ళీ మొదలుపెట్టాను.

లచ్చమ్మక్కకి చదువు రాదు. రీనాకి తెలుగు రాదు. అంచేత ఈ కాగితాల్ని నేనే చదివి వినిపించాలి. ముందు పెద్దావిడకి తెలుగులో, తర్వాత చిన్నదానికి ఇంగ్లీషులో. ఇప్పుడు నాకు ఇంగ్లీషు వచ్చు. రామనాథంగారికి వినబడేలా నెమ్మదిగా, గట్టిగా చదువుతాను. పేజీలో వేలు పెట్టి మూయను. ఎవరి మొహం వంకా చూడను. కాగితం మీద ఏముందో అదే చదువుతాను.